అల్లునిగుంత బదిలీ

గొర్రెలకొండ బాటలో సుంకన్నకు తెలియని రాయి లేదు. ఏ రాయి కాలు పెడితే కదులుతుందో, ఏది కదలనట్టు నటించి చివర్లో కదులుతుందో కూడా అతనికి తెలుసు. అడవి శాఖలో వాచరు ఉద్యోగం. ఎండాకాలం వచ్చిందంటే కొండ మీది తొట్లలో నీళ్లు నింపాలి, జింకలు తాగాలి. ఎక్కడైనా పొగ లేస్తే పరుగెత్తాలి. మిగిలిన సమయంలో దారిన పోయేవాళ్లను ఆటపట్టించాలి. ఈ చివరి పని శాఖ చెప్పింది కాదు, సుంకన్న సొంతంగా పెట్టుకున్నది.

ఇన్నేళ్లూ ఎక్కి దిగిన మోకాలు ఈ ఏడు ఎదురు తిరిగింది. డాక్టరు దాన్ని అటూ ఇటూ వంచి చూసి, నడక తగ్గించు, సైకిలు తొక్కితే మేలు అన్నాడు.

"కొండ మీదికా సార్?" అన్నాడు సుంకన్న.

"నేను మోకాలి డాక్టరునయ్యా, కొండ డాక్టరును కాదు" అన్నాడాయన.

ఈ సంగతి రేంజి ఆఫీసరు పరాంకుశం గారి చెవిన పడింది. పరాంకుశం గారు చెడ్డవాడు కాదు. నిబంధన ఏది చెబితే అది చేస్తాడు, చెప్పకపోతే చెప్పేదాకా కూర్చుంటాడు. కొండ ఎక్కలేని వాచరును ఆఫీసు గేటు దగ్గర వేయాలని నిబంధన. గేటు దగ్గర ఒక స్టూలు ఉంది. దాని మీద కూర్చుని, జీపు వస్తే కట్టె ఎత్తి, సలాము కొట్టి, కట్టె దించి, మళ్లీ కూర్చోవాలి.

"పొద్దస్తమానం ఆడ కూచ్చోడానికి నేనేమన్నా గేటుకు కొట్టిన గొళ్లెమా సార్?" అన్నాడు సుంకన్న. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ రాత్రి అన్నం సయించలేదు. కొండ లేని సుంకన్న ఎట్లా ఉంటాడో అతనికే ఊహకు అందలేదు.

సరిగ్గా అప్పుడే పైనుంచి 'పచ్చని పయనం' ఊడిపడింది. పెద్దాఫీసులో ఎవరికో పొగలేని ప్రయాణం మీద ప్రేమ పుట్టింది. ప్రతి రేంజిలోనూ స్థానిక బాటలకు అనువైన, వెడల్పు టైర్లు గల కొండ సైకిలు ఒకదానిని ఎంపిక చేసి, సదరు స్థానిక బాటలపై నడిపి చూసి, అనువైనదని ధ్రువపరచుకున్న మీదటనే తీసుకోవలెను అని ఉత్తర్వు.

పరాంకుశం గారు సుంకన్నను పిలిచాడు. "ఎండలు ముదిరేలోగా సైకిలు వచ్చిందా, కొండ నీది. రాలేదా, స్టూలు నీది."

"వస్తాది సార్, ఎందుకు రాదు?" అన్నాడు సుంకన్న. అతనికి కొండ తెలుసు గానీ ఆఫీసు తెలియదు.

ఎంపికకు కమిటీ వేశారు. అధ్యక్షుడు పరాంకుశం గారు. సభ్యురాలు హెడ్ క్లర్కు తాయారమ్మ. తొక్కేవాడు కూడా ఒకడు ఉండాలని ఉత్తర్వులో ఉంది కాబట్టి సుంకన్న. అతను హాజరు కావాలి, అడిగితే తప్ప మాట్లాడకూడదు.

టౌన్లో సైకిళ్ల షాపు నడిపే మస్తాన్ వలి మూడు సైకిళ్లు ఆటోలో వేసుకొచ్చి వరండాలో నిలబెట్టాడు. ఒకటి సన్న టైర్లది. రెండోది వెడల్పు టైర్లది, ముందు చక్రానికి మాత్రం స్ప్రింగు. మూడోదానికి ముందూ వెనకా రెండు చోట్లా స్ప్రింగులు. పరాంకుశం గారు వాటి చుట్టూ తిరిగి, సంతలో వంకాయలు నొక్కినట్టు టైర్లన్నీ నొక్కి చూశాడు.

"ఈ సన్నది మన గుండ్లలో పనికి రాదు సార్, రాళ్ల సందులో ఇరుక్కుంటాది" అన్నాడు మస్తాన్ వలి. "వెడల్పుదానికి గాలి కొంచెం తక్కువ పెట్టుకుంటే రాయిని పట్టుకోని పోతాది. మీ కొండకు ఈ నడిమిదే కరెక్టు."

"మూడవదానికి వెనుక కూడా స్ప్రింగు ఉన్నది కదా? మధ్యదానికి ఎందుకు లేదు? అసంపూర్తి సరఫరా కాదా ఇది?" అని అడిగింది తాయారమ్మ.

"అట్ల కాదు మేడమ్. వెనక స్ప్రింగుంటే ఎక్కేటప్పుడు తొక్కిన బలం సగం అదే తినేస్తాది. రిపేర్లు గూడా ఎక్కువ. ముందర స్ప్రింగు చేతులకి, భుజాలకి. వెనక గట్టిగుంటేనే ఎక్కుతాది."

పరాంకుశం గారు కళ్లు మూసుకుని ఆలోచించాడు. ఆయన కళ్లు మూసుకుంటే ఆఫీసులో ఫ్యాను కూడా మెల్లగా తిరుగుతుందని ప్రతీతి.

"వ్రాసుకోండి తాయారమ్మగారూ. సదరు వాహనమునకు వెనుక సీటు లేదు. వెనుక సీటు లేనందున వెనుక కూర్చునే వ్యక్తి లేడు. లేని వ్యక్తి సౌకర్యార్థము స్ప్రింగు ఏర్పాటు చేయుట అనవసరము. కావున వెనుక స్ప్రింగు లేని వాహనమే ఈ కార్యాలయమునకు అనువైనది."

కారణం ఏదైతేనేం, సైకిలు సరైనదే. సుంకన్న సంతోషంగా దాని హ్యాండిలు పట్టుకున్నాడు. "అట్ల కొండదాకా పోయి తొక్కి చూసుకొనొస్తా సార్."

"ఆగు" అన్నాడు పరాంకుశం గారు.

"ఏం సార్?"

"స్టాకు రిజిస్టరులో ఎక్కని వస్తువు గేటు దాటి బయటికి పోకూడదు."

"అట్లయితే ఎక్కించండి."

"బాటపై నడిపి చూడనిది ఎక్కించకూడదు." పరాంకుశం గారి గొంతులో కోపం లేదు. పైగా రెండు నిబంధనలు ఒకదాని కొమ్ములు ఒకటి పట్టుకుని నిలబడితే చూసే తృప్తి ఉంది. "గేటు దాటాలంటే రిజిస్టరులో ఎక్కాలి. రిజిస్టరులో ఎక్కాలంటే బాట మీద నడవాలి. బాట గేటు బయట ఉన్నది."

మస్తాన్ వలి మిగిలిన రెండు సైకిళ్లు చూసుకుంటూ అక్కడ లేనట్టే నిలబడ్డాడు. సుంకన్నకు స్టూలు కళ్ల ముందు కదిలింది. అడగకుండా మాట్లాడకూడదన్న మాట మర్చిపోయి, నోరు తన అలవాటు చూపించింది.

"దానిదేముంది సార్, సైకిలు పోకూడదంటే బాటనే ఈడికి పిలిపించండి. నేను పోయి ఒక కేక వేసొస్తా."

ఎవరూ నవ్వలేదు. పరాంకుశం గారు కళ్లు మూసుకున్నాడు. ఈయన తన ఎగతాళిని ఎగతాళిగా తీసుకుంటే బాగుండునని సుంకన్నకు మొదటిసారి అనిపించింది.

"వ్రాసుకోండి తాయారమ్మగారూ" అన్నాడు పరాంకుశం గారు కళ్లు తెరవకుండానే. "విషయము: స్థానిక బాటను కార్యాలయ ప్రాంగణమునకు రప్పించుట."

ఆ సాయంత్రం సుంకన్న ఇంటికి పోయేసరికి అతని భార్య మారెక్కకు కథ మొత్తం చేరిపోయి ఉంది.

"ఏమయ్యా, నువ్వేదో కూసినావంట, సర్కారోళ్లు దాన్ని రాసుకున్నారంట?"

"ఎగతాళికి అన్నా మే."

"అనేటోడివి సరింగా అనకూడదా? బాట ఎందుకు, తొట్లతోపాటు కొండనే ఆఫీసుకాడికి తెమ్మనుంటే పోయేది. నీ మోకాలికి పనే లేకుండా పోయేది."

"నీ నోరు మూసుకో, ఆయన చెవిన పడితే అదీ రాసుకుంటాడు" అన్నాడు సుంకన్న, కిటికీ వైపు చూస్తూ.

మర్నాడు ట్రాక్టరు వచ్చింది. పరాంకుశం గారు ప్రాంగణమంతా నడిచి స్థలం నిర్ణయించాడు. బాట అన్నది ఎక్కడో మొదలై ఎక్కడికో పోవాలి కాబట్టి, గేటు దగ్గర మొదలై ఆఫీసు మెట్ల దగ్గర ముగియాలన్నాడు. కొండ మీద ఎన్ని మలుపులున్నాయో ఇక్కడా అన్నే ఉండాలి. రాళ్లను గుర్తులు పెట్టి తెచ్చి, అక్కడ ఏ వరసలో ఉన్నాయో ఇక్కడా అదే వరసలో పాతారు. సుంకన్న దగ్గరుండి చూపించాడు. చూపించక తప్పలేదు. కొండను కదిలించేటప్పుడు రాళ్ల పేర్లు తెలిసినవాడు అతనొక్కడే. బాటకు రెండు పక్కలా ఉన్న కంపచెట్లను వేళ్లతో సహా లేపి, ఇక్కడ రెండు పక్కలా నాటారు. తాయారమ్మ చీర కొంగు మొదటి రోజే వాటికి చిక్కింది.

అన్నీ వచ్చాక పెద్ద చిక్కు మిగిలింది. అది అల్లునిగుంత.

కొండ బాటలో సగం దూరంలో ఉంటుంది అది. వెనకటికి ఎవరో కొత్త అల్లుడు మామగారి ఊరోళ్ల ముందు దర్జా చూపిద్దామని సైకిలు తొక్కుకుంటూ దిగి, కొత్త పంచెతో సహా అందులో పడ్డాడు. అల్లుడు లేచి దులుపుకుని వెళ్లిపోయాడు, పేరు మాత్రం అక్కడే ఉండిపోయింది. దాన్ని దాటించలేని సైకిలును కొండ సైకిలని ఎవరూ ఒప్పుకోరు.

"సార్, రాళ్లు ట్రాక్టరులో వచ్చాయి. చెట్లూ వచ్చాయి. గుంతను ఎట్లా తెప్పిస్తారు?" అని అడిగింది తాయారమ్మ. ఆమె ఎగతాళి చేయడం లేదు. బిల్లులో 'గుంత, ఒకటి' అని వేస్తే ఆడిట్లో ఏమంటారోనని భయం.

పరాంకుశం గారు జాలిగా చూశాడు. "ఇంతకాలం సర్వీసు చేసి ఇది అడుగుతారా తాయారమ్మగారూ? గుంత అనగా ఏమి? మట్టి లేని ప్రదేశము. అక్కడ మట్టి నింపితిమా, అక్కడి నుంచి రిలీవ్ అయినట్టు. అదే కొలతలతో ఇక్కడ మట్టి తీసితిమా, ఇక్కడ జాయిన్ అయినట్టు. ఇది సాధారణ బదిలీ."

"మరి ఆడ పూడిపి, ఈడ తవ్వేదానికి నడిమిట్లో గుంత యాడుంటాది సార్?" అన్నాడు సుంకన్న. ఈసారి అతను ఎగతాళి చేయలేదు, నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"జాయినింగ్ టైములో ఉంటుంది" అన్నాడు పరాంకుశం గారు.

ఇక్కడ తవ్విన మట్టినే అక్కడికి పంపారు, ట్రాక్టరు ఖాళీగా పోవడమెందుకని. ఆఫీసు మట్టి కొండ మీద బాగా కుదురుకుంది. కొండ గుంత ఆఫీసు ముందు ఇంకా బాగా కుదురుకుంది. పరాంకుశం గారు స్వయంగా అంచు మీద నిలబడి లోపలికి చూసి, "పాత స్థానములో కన్నా ఇక్కడ లోతుగా కనబడుచున్నది" అన్నాడు.

"కొత్త చోట కదా సార్, ఉత్సాహంగా పని చేస్తా ఉండాది" అన్నాడు సుంకన్న.

పరీక్ష రోజు రేంజి సిబ్బంది అంతా వరండాలో నిలబడ్డారు. సుంకన్న వెడల్పు టైర్ల సైకిలెక్కి గేటు దగ్గర నుంచి బయలుదేరాడు. నిజం చెప్పాలంటే అది మంచి సైకిలే. రాళ్ల మీద ముందు స్ప్రింగు మునిగి లేస్తుంటే, చిన్న గేరులో మెత్తగా తొక్కుతుంటే, మోకాలు మూలగలేదు. అల్లునిగుంతలో దిగి, ఒక్క ఊపున అవతలి గట్టెక్కి, మెట్ల ముందు బ్రేకు వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రిజిస్టరులో సైకిలు ఎక్కింది.

"ఇంక కొండకు పోతా సార్" అన్నాడు సుంకన్న. అతని కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, కంప ముల్లు గీరుకున్నందుకని చెప్పాడు.

"కేటాయింపుకు ముందు స్థల పరిశీలన జరగాలి" అన్నాడు పరాంకుశం గారు.

కమిటీ కొండకు వెళ్లింది. బాట చూసి నిలబడిపోయింది. రాయి లేదు, ముల్లు లేదు, గుంత లేదు. కొండ కింది నుంచి తొట్ల దాకా, అరుగు అలికినట్టు నున్నటి మట్టి బాట. ఎదురుగా ఒక ముసలామె నెత్తిన కట్టెలతో, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా పాట పాడుకుంటూ దిగి వచ్చింది. "దేవుని మాదిరి చేసినారు సామీ" అని పరాంకుశం గారికి దండం పెట్టి వెళ్లిపోయింది.

పరాంకుశం గారు దండం అందుకుని, కర్తవ్యం మర్చిపోలేదు. "ఉత్తర్వు ఏమి? కఠినమైన బాటలకు కొండ సైకిలు. సాధారణ బాటలకు సాధారణ సైకిలు. ఇది సాధారణ బాట. ఈ రేంజి మొత్తములో కఠినమైన బాట ప్రస్తుతము ఒక్కటే ఉన్నది."

అది గేటు నుంచి ఆఫీసు మెట్ల దాకా ఉన్న బాట.

 

వెనక్కి వచ్చి చూస్తే జీపు గేటు దాటి లోపలికి రాలేకపోయింది. రాళ్లు తీసేయిద్దామంటే అంతలోనే కంపచెట్ల కింద కౌజు పిట్ట ఒకటి గూడు పెట్టి గుడ్ల మీద కూర్చుంది. అడవి శాఖ ఆఫీసు ముందు అడవి పిట్టను లేపితే ఇంకేమన్నా ఉందా? పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ ప్రాంతంలో రాయి కదపరాదు, కొమ్మ నరకరాదు, కాలినడకన తిరిగి పక్షిని కలవరపెట్టరాదు అని పరాంకుశం గారే ఉత్తర్వు వేసి, వేశాక తాను గేటు బయట ఉన్నానని గమనించాడు.

చప్పుడు లేని వాహనానికి మాత్రమే అనుమతి. ఆ వాహనం సైకిలు. దాన్ని నడిపి చూసినవాడిగా రికార్డులో ఉన్నవాడు సుంకన్న. సైకిలుకు వెనక సీటు లేదు కాబట్టి మస్తాన్ వలిని పిలిచి, వెల్డింగు షాపులో ఇనప కడ్డీల క్యారియరు ఒకటి చేయించి బిగించారు.

"సార్, ఇది దీనికి పెట్టకూడదు" అని మస్తాన్ వలి రెండుసార్లు చెప్పాడు. మూడోసారి తాయారమ్మ రాసుకోబోతే మానేశాడు.

సుంకన్న ఉద్యోగం ఇప్పుడిది: పొద్దున సిబ్బందిని ఒక్కొక్కరిగా గేటు నుంచి మెట్ల దాకా చేర్చాలి, సాయంత్రం మెట్ల నుంచి గేటు దాకా. మధ్యలో ఖాళీ దొరికితే కూర్చోవడానికి స్టూలు ఉంది. కొండ మీద తొట్లు ఎండుతున్నాయి. టెంపరరీగా వేసిన మనిషి ఒకరోజు పోతే ఒకరోజు మానుతున్నాడు.

"సైకిలొచ్చి నిన్ను కొండెక్కిస్తాదంటివే, స్టూలెక్కించిందే" అంది మారెక్క. అని, అతని మొహం చూసి, అన్నంలో ఇంకొంచెం నెయ్యి వేసింది.

సుంకన్న ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాడు. పొద్దున లేచేటప్పటికి పాత సుంకన్న మొహం తిరిగొచ్చింది.

గేటు దగ్గర పరాంకుశం గారు టోపీ సర్దుకుని క్యారియరు మీద ఒక పక్కకు కూర్చున్నాడు.

"గట్టిగా పట్టుకోండి సార్."

"ఏమి పట్టుకోవలెను?"

"ఇంకేముంది సార్, నన్నే."

సుంకన్న బయలుదేరాడు. ఆ బాటలో రాళ్ల మధ్య మెత్తటి దారి ఒకటి ఉంటుంది. కొండ మీద ఉన్నప్పుడే దాన్ని కనిపెట్టుకున్నాడు అతను. ఇక్కడ పాతేటప్పుడు కూడా ఆ దారి చెడకుండా పాతించాడు. అయితే ఆ రోజు దాన్ని ఎంత జాగ్రత్తగా తప్పించాడంటే, ఒక్క రాయిని కూడా చిన్నబుచ్చలేదు. ముందు స్ప్రింగు మీద సుంకన్న ఉయ్యాల్లో ఉన్నట్టు లేస్తూ దిగుతున్నాడు. వెనక ఇనప కడ్డీల మీద పరాంకుశం గారు ఒక చోట లేచి ఇంకో చోట దిగుతున్నాడు. అల్లునిగుంతలో దిగినప్పుడు ఆయన నోటి నుంచి వచ్చిన శబ్దానికి కౌజు పిట్ట గుడ్ల మీద నుంచి తల ఎత్తి చూసింది.

మెట్ల దగ్గర ఆయన వెంటనే దిగలేకపోయాడు.

"సుంకన్నా, ఈ వాహనమునకు వెనుక స్ప్రింగు ఎందుకు లేదు?"

"మీరే వద్దన్నారు కద సార్. వెనక కూచ్చునేటోడు లేడని."

తర్వాత తాయారమ్మ వంతు. సుంకన్న మెత్తటి దారిన, గుంత అంచు పట్టుకుని, పాలకుండను తీసుకుపోయినట్టు తీసుకుపోయాడు.

"మీకు ఎట్లా ఉన్నది తాయారమ్మగారూ?" అని పరాంకుశం గారు ఆశగా అడిగాడు.

"కొత్త కారులో వచ్చినట్టుంది సార్."

 లోపం తన శరీరంలోనే ఉందనుకున్నాడాయన. వారం తిరిగేసరికి ఆయన నిలబడి ఫైళ్లు చూస్తున్నాడు, నిలబడి టీ తాగుతున్నాడు, పెద్దాఫీసు వాళ్లు వస్తే కుర్చీ వాళ్లకిచ్చి తాను మర్యాద చేస్తున్నట్టు నిలబడుతున్నాడు. కుషన్ అడిగితే తాయారమ్మ, వెనుక కూర్చునే వ్యక్తి లేడని రికార్డులో ఉన్నది కదా సార్, లేని వ్యక్తికి కుషన్ ఎట్లా పెడదాం అంది. ఇదీ ఎగతాళి కాదు.

చివరకు ఒకరోజు, అల్లునిగుంత దాటాక, పరాంకుశం గారు సుంకన్న భుజం పట్టుకుని కిందికి దిగి, కాసేపు ఊపిరి తీసుకుని అన్నాడు:

"సుంకన్నా, నీ సేవలు కొండపై అత్యవసరము."

"నా మోకాలు సార్..."

"బాట నున్నగా ఉన్నది. ఇంట్లో ఉన్న నీ పాత సైకిలు చాలును."

"మరి మిమ్మల్ని ఎవరు తీసుకొచ్చేది సార్?"

పరాంకుశం గారు సైకిలు ముందు భాగాన్ని, ఆ ముందు స్ప్రింగును, చాలాకాలం తర్వాత దొరికిన చుట్టాన్ని చూసినట్టు చూశాడు. "ముందు సీటుపై కూర్చునే అధికారము రేంజి ఆఫీసరుకు ఉన్నదని నా అభిప్రాయము."

"గాలి కొంచెం తక్కువ పెట్టుకోండి సార్" అన్నాడు సుంకన్న. మెత్తటి దారి సంగతి చెప్పడం మర్చిపోయాడు.

మర్నాడు పొద్దున సుంకన్న తన పాత సైకిలెక్కి కొండ బాట పట్టాడు. మోకాలు కిక్కురుమనలేదు. సగం దూరం వచ్చాక, అలవాటు కొద్దీ సీటు మీద నుంచి లేచి నిలబడ్డాడు గానీ సైకిలు నున్నగా సాగిపోయింది. ఎందుకో ఒక్క క్షణం దిగులేసింది. ఆగి, ఆఫీసు మట్టి నింపిన చోటును కాలితో తట్టి, "ఏం, ఆడ బాగుండావా?" అని పలకరించి ముందుకు పోయాడు.

తొట్లు నింపాడు. జింకలు మొదట దూరంగా నిలబడి, తర్వాత దగ్గరికొచ్చి మూతులు ముంచాయి. సుంకన్న బండ మీద కూర్చుని కిందికి చూశాడు. దూరంగా గేటు, గేటు నుంచి వంకర తిరిగిన బాట, ఆ బాటలో ఎండకు మెరుస్తూ కదులుతున్న పరాంకుశం గారి ఎర్రటి హెల్మెట్టు. మొదటి రాయి దాటింది. పర్వాలేదు. మలుపు తిరిగింది. మెచ్చుకోవాల్సిందే. ఇంకొంచెం దూరం పోయింది, ఊపు అందుకుంది, తర్వాత ఉన్నట్టుండి కనిపించలేదు.

ఎక్కడ కనిపించకుండా పోయిందో సుంకన్నకు చూడకుండానే తెలుసు. బీడీ ముట్టిద్దామని తీసి, అడవిలో నిప్పు కూడదని గుర్తొచ్చి చెవి వెనక పెట్టుకుని, నీళ్లు తాగుతున్న జింకల వైపు తిరిగాడు.

"అల్లుడొచ్చినాడు" అన్నాడు.